మేష్టారు చదివిన బోర్డులు

ఆదివారం, కార్తీక మాసం.

మనవరాలిని ధవళేశ్వరం అవతల కోతుల జూకి తీసుకెళ్ళాను. చిన్న జూయే గానీ, అన్నీ ఎక్కడా కనపడని జాతులు. మేమిద్దరమే వెళ్దామనుకున్నాను. అల్లుడి తండ్రి, ఆ రిటైరైన మేష్టారు, నేనూ వస్తానండి బావగారూ అని బయల్దేరాడు.

ప్రతి బోనుకీ ఇంగ్లీషు బోర్డే. నేను తెలుగే కూడబలుక్కుని చదవాలి. ఆయన చదువుతుంటే పిల్ల నోరు తెరుచుకుని వినడం.

"మీరు అలా కూర్చోండి బావగారూ, నేను చూపిస్తాను" అన్నాడు.

"నా కాళ్ళేం పడిపోలేదండి" అన్నాను.

నలభై ఏళ్ళు అరటితోటలో కోతుల్ని తోలాను. పిల్ల నన్ను ఒక్క ముక్క అడగలేదు.

మొహం చుట్టూ తెల్ల జూలున్న నల్లకోతి ఒకటి పళ్ళు బయటపెట్టింది.

"తాతయ్యా, నవ్వుతోంది" అంది పిల్ల, ఆయనతోనే.

"అవునమ్మా, నిన్ను చూసి" అన్నాడు ఆయన.

"అది నవ్వు కాదు. బెదిరింది. మీద పడుతుంది, వెనక్కి రా" అన్నాను. రాలేదు.

కోతి ఒక్క దూకు దూకి ఊచలు పట్టుకుని ఊపేసింది. పిల్ల కెవ్వుమని వెనక్కి పరిగెత్తింది. నేను చేతులు చాపాను. పిల్ల వెళ్ళి ఆయన నడుము పట్టుకుంది.

ఆయన దాని తల నిమురుతూ, "ఆ తాతయ్య చెప్పిందే నిజమమ్మా. నాకు తెలీక అనేశాను" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉంటే, ఈపాటికి కడుపారా తిట్టుకుని పడుకునేవాణ్ణి. తప్పు నాదైతే నేను ఛస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆ సంగతి ఆరేళ్ళ పిల్లకి కూడా తెలిసినట్టుంది.