రేగాకు నీళ్లు

అల్ మవాలే, మస్కట్,
శుక్రవారం, ఉదయం.

కన్నతల్లి మదీహాకు నీ అబ్బా సలాములు, దీవెనలు.

ఇక్కడ అందరమూ క్షేమమని రాయబోయి కలం కాసేపు ఆపాను. ఇన్నేళ్లూ ఆ 'అందరమూ'లో మీ అమ్మీ ఉండేది. ఆమె వెళ్లిపోయాక నీకు రాస్తున్న తొలి ఉత్తరం ఇదే. అయినా క్షేమమనే రాస్తున్నాను. అన్నం వేళకు అన్నం, నమాజు వేళకు నమాజు నడుస్తున్న ఇంటిని గురించి మరో మాట రాస్తే ఇచ్చినవాడి పట్ల కృతఘ్నత అవుతుంది. కడపలో నీవూ, అల్లుడు ఉమరూ, పిల్లలూ కుశలమని తలుస్తాను.

నీ ఉత్తరం కడప నుంచి వచ్చిన మన వీధి జావెద్ తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో దక్కనీ మాట్లాడుకున్నా ఉత్తరం మాత్రం తెలుగులోనే రాయాలని మీ తాతగారు పెట్టిన నియమాన్ని నీవు తప్పలేదు. సంతోషం. నా ఆరోగ్యం అడిగావు. దుకాణం మూసి వచ్చేయమన్నావు. అమ్మీకి చివరి స్నానం ఎవరు చేయించారని అడిగావు. పెరట్లోని రేగిచెట్టు కొట్టించి అక్కడ గది వేసుకోవచ్చునా అని కూడా అడిగావు. చెట్టు సంగతి చివర రాస్తాను.

మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ కళ్లు ఇంకా పద్యాలకు సహకరిస్తున్నాయి. ఎదుటి సైటులో పనిచేసే జగిత్యాల పోచన్న సెలవు రోజున వచ్చి, "ఇయ్యాల డ్యూటీ లేదు పంతులూ, ఏం పద్యం చెప్తవ్?" అని గడప మీద కూర్చుంటాడు. టోపీ, గడ్డం ఉన్న నన్ను పంతులని పిలిచేది ఈ ఊళ్లో అతడొక్కడే. అమ్మీ ఖననం నాడు దూరంగా గోడ పక్కన నిలబడి ఉన్నాడు. అందరూ అయ్యాక దగ్గరికి వచ్చి, "నేను గూడ ఇంత మట్టి ఎయ్యొచ్చానే? అక్క చేతి చాయ మస్తు తాగిన" అన్నాడు. చేయి పట్టుకుని తీసుకువెళ్లాను. ఆ పిడికెడు మన్నుకు నేను ఈ జన్మంతా కృతజ్ఞుణ్ణి.

ఇక దుకాణం. మీ ముత్తాత దాన్ని దుకాణంగా మొదలుపెట్టలేదమ్మా. కలరా వచ్చిన ఏడు కడపలో శవాన్ని ముట్టేవారు కరవైతే, ఆయనా ఆయన భార్యా పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్లి స్నానాలు చేయించి సాగనంపారు. అటుపైన మీ తాతగారు మసీదు పక్క గదిలో శవానికి చుట్టే కఫన్ గుడ్డ, స్నానపు బల్ల, జనాజా మోసే మంచం ఉంచారు. ఆడవారి స్నానం మీ దాదీ సర్వరీ బేగం చూసేది. నేను పద్యాల మోజులో పడి, ఈ పని నాకు పట్టదనుకుని, ఉద్యోగం వెదుక్కుంటూ మస్కట్ వచ్చాను. మనవైపు వారు ఎవరు పోయినా, "మీ ఇంటివాళ్లకు తెలుస్తుంది కదా సాబ్" అంటూ నా తలుపే తట్టారు. వదిలి వచ్చానన్న పని నాకంటే ముందే ఇక్కడికి చేరి కూర్చున్నది. అలా ఇక్కడా ఈ దుకాణం తెరిచాను.

అంత దూరాన ఉన్న ఖురియాత్ నుంచి పిలుపు వచ్చినా మీ అమ్మీ నాతోపాటు బండెక్కేది. దారిలో నేనొక సీసమో ఉత్పలమాలో ఎత్తుకుంటే, "మీ పద్యం అయిపొయ్యే లోపల ఆ మయ్యత్ లేచి కూచుంటాది. బండి బిరీన పోనీండి" అనేది.

ఈ పనిలో ఉన్న మన ఆడవారికి ఒక ఆనవాయితీ ఉన్నది. స్నానం చేయించే స్త్రీ పోతే, ఆమె దగ్గర పని నేర్చిన ఇంటి పిల్లే ఆమెకు చివరి స్నానం చేయించాలి. ముత్తవ్వకు మీ దాదీ, దాదీకి మీ అమ్మీ అలాగే చేయించారు. అమ్మీకి నీవు చేయించవలసింది. పన్నెండేళ్లప్పుడు స్నానపు బల్లను చూసి పరుగెత్తిపోయి, మరెన్నడూ ఆ గది గడప తొక్కని నీవు. టికెట్ దొరికేలోగా ఖననం జరిగిపోయిందన్నది నిజమే. కానీ నిన్ను కాలుస్తున్నది అది కాదు. 'వచ్చి ఉన్నా ముట్టుకోగలిగేదాన్నా' అని రాసి కొట్టివేశావు. కొట్టివేత కింద అక్షరాలు నాకు కనిపించాయి.

స్నానం చేయించింది నీ తమ్ముడు కమ్రాన్ భార్య జువేరియా. ఆ నిజామాబాద్ పిల్ల కోడిని కోస్తుంటేనే కళ్లు మూసుకునేది. అమ్మీ తొలిసారి వెంట రమ్మన్ననాడు, "నాతోని కాదు అమ్మీ, నాకు భయమైతది" అంటే, "బతికుండే అత్తతో కాపరం చేస్తాండావు, సచ్చినోళ్లకు భయపడతావా?" అని నవ్వించి తీసుకుపోయింది. మొన్న అదే పిల్ల తలుపు వేసుకుంటే నేను బయట కూర్చున్నాను. లోపల చూసినది బయట చెప్పరాదన్నది ఈ వృత్తి ధర్మం. మంచి కనబడితే ఆ ఒక్కటీ చెప్పవచ్చు. తలుపు తీసి, "అమ్మీ మొహం మంచిగుండె అబ్బా. గంతే చెప్తా" అన్నది. నాకు అంతకంటే అక్కరలేకపోయింది.

ఇక ఇన్నాళ్లూ నీకు చెప్పనిది.

ఏటా నీవు పెరట్లోని ఆ చెట్టు రేగాకు దూసి, నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, అమ్మీ తల రుద్దుకుంటుందని పంపేదానివి. ఫోనులో "జుట్టు ఎట్లుంది అమ్మీ?" అంటే, "నీ పొడి పుణ్యాన రాలకుండా ఉంది" అనేది. ఆమె ఒక్క చిటికెడు కూడా తలకు పెట్టుకోలేదు. కడపటి స్నానపు నీళ్లలో రేగాకు కలపడం మన ధర్మం చెప్పిన పద్ధతి. ఆ గది దరిదాపులకు రాని నీకు ఆ సంగతి తెలియలేదు. నీ పొడి అంతా ఆ నీళ్లకే వెళ్లింది.

ఇక్కడ ఏ అంగడిలో అడిగినా రేగాకు దొరుకుతుంది. ఆ మాటే ఒకసారి అన్నాను. అందుకు ఆమె, "మదీహా ఆ గదిలోకి రావద్దు. ఒక బిడ్డకన్నా నా చేతులు అన్నం పెట్టిన చేతులుగానే గుర్తుండనీండి. పుణ్యంలో మాత్రం దాని పాలు దానికి రానీండి. మీకు పద్యం దాచుకునేది ఎట్లాగూ చేతగాదు, ఇదన్నా దాచండి" అన్నది.

ఆమె ఉన్నన్నాళ్లూ దాచాను. నీ చేతి నీళ్లు తల్లికి చేరలేదని నీవు కుమిలిపోతుంటే ఇంకా దాచడం నావల్ల కాలేదు. సలాలాలో కాన్పులో పోయిన పిల్ల, ఖురియాత్‌లో నా అన్నవారెవరూ లేని ముసలి ఆయా, అమ్మీ చేతి మీదుగా వెళ్లిన ప్రతి స్త్రీ ఒంటినీ నీ ఆకు తాకింది. వారిలో ఒక్కరి పేరూ నీకు తెలియదు. అందరికీ చేసిన సేవలో నీ పాలు ఉన్నది. కడపటి పొట్లం అమ్మీ తనకోసం పక్కన పెట్టుకుంది. జువేరియా ఆ నీళ్లే పోసింది. మన ఇంటి ఆనవాయితీ తప్పలేదు తల్లీ. ఇటువంటి కోడలినీ, ఇటువంటి కూతురినీ ఇచ్చిన అల్లాహ్‌కు నుదురు నేలకాన్చి నేనెన్ని సజ్దాలు చేసినా తక్కువే.

చెట్టు సంగతి. పిల్లలు పెద్దవారవుతున్నారు, నీకు గది కావాలి. ఇదంతా రాసి, చెట్టు పేరున నిన్ను కట్టిపడేయను. కొట్టించదలిస్తే కొట్టించు. ముందుగా ఆకంతా దూయించి, ఎప్పటిలాగే నీడన ఎండబెట్టు. "ఆపా ఇగ ఆకు పంపదా అబ్బా?" అని నిన్ను గురించి జువేరియా అడిగింది. ఆ జవాబు నీవే చెప్పాలన్నాను.

పంపేటట్లయితే ఒక పొట్లం వేరుగా కట్టి, దాని మీద నా పేరు రాయి. తొందరేమీ లేదు. తెలుగులోనే రాయి.

ఇట్లు,
నీ మేలే దువాగా అడిగే అబ్బా,
నిసార్ అహ్మద్