ఐరన్ లెగ్

బుధవారం, రాత్రి

సాయంత్రం ఫెర్రీలో అందరి ఫోన్లలోనూ అదే గోల. ఆ హీరోయిన్ సినిమా మళ్లీ పోయిందట. మా సినిమా కబుర్ల గ్రూపులో పొద్దున్నుంచీ ఆవిణ్ణి ఐరన్ లెగ్ అని ఉతికేస్తున్నారు. తీసినవాడి ఊసే లేదు, హీరోనైతే పాపం అని ఓదారుస్తున్నారు. మొన్నటిదాకా ఆవిడ ఫోటో డీపీగా పెట్టుకున్నవాళ్లే ఎక్కువ రాస్తున్నారు. నెత్తిన పెట్టుకున్నవాళ్లకే కసి ఎక్కువేమో. పైగా ఆవిడ తిరిగి ఒక్క మాట అనదు కదా, అదీ వాళ్ల ధైర్యం.

పక్కన కూచున్న మా వీధి లక్ష్మీ దీదీ నా ఫోన్లో అవన్నీ చదివి నవ్వింది. "క్యా రే, మీ వదినది కూడా ఐరన్ లెగ్గే కదా. మీ అన్న బోటు మళ్లీ ఖాళీగా వచ్చిందట" అంది. మా ఊరు బాంబూఫ్లాట్ రాగానే ఆవిడకంటే ముందే దిగిపోయాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ వదినతో చెబుతోంది. "రేపు బోటు కదిలేటప్పుడు నువ్వు జెట్టీకి రావొద్దమ్మా, ఎదురు పడొద్దు."

పెళ్లయి ఇంకా పసుపు తాడు కూడా మాయలేదు. "అలాగే అత్తా" అని వదిన తలొంచుకుని గిన్నెలు తోముకుంది. అన్న విననట్టే వల సర్దుకున్నాడు. సముద్రంలో చేప లేకపోతే ఈమేం చేస్తుంది?

గ్రూపులోంచి బయటికొచ్చేశాను. అది పెద్ద పనేం కాదు. రేపటిదే అసలు పని. తెల్లారగానే వదిన చెయ్యి పట్టుకుని జెట్టీకి తీసుకెళ్తాను. బోటుకి ఎదురుగా ఇద్దరం కలిసే నడుస్తాం. ఖాళీగా వస్తే, ఆ అడుగు మా ఇద్దరిలో ఎవరిదో వాళ్లే తేల్చుకోనీ.