కౌంట్‌డౌన్‌లో తుమ్ము

బాపూ,

ఇంజినీరింగ్ చేసి, మళ్లీ డాక్టరీ చదివిన చెల్లె సుజాత ఈ రోజు రాకెట్ ఎక్కింది. ఎల్లారెడ్డిలో మనింట్లో టీవీ ముందు కూర్చున్నాం. కౌంట్‌డౌన్ ముగియబోతుండగా అవ్వ తుమ్మింది.

"ఆపుమనుండ్రి! జరసేపు కూసోని, నీళ్లు తాగి పోతది."

చెల్లె పరీక్షకని కామారెడ్డికి బయలుదేరినప్పుడు ఎవరో తుమ్మితే, బస్సు పోయినా సరే, కూర్చోబెట్టి నీళ్లు తాగించింది నువ్వే కదా.

"అది కూసునే ఉన్నది గదనే అవ్వా" అన్నాను.

"మరి నీళ్లో?"

నీ ఫోటో ముందున్న చెంబు అందుకుని, చెల్లె బదులు తనే ఓ గుక్క తాగింది. రాకెట్ మంటలు కక్కుతూ లేచి, కనబడకుండా పోయింది. అంతా బాగుందని టీవీలో చెప్పారు.

అవ్వ చెంబు ఇంకా కింద పెట్టలేదు.

"మిగిలినయి నా బిడ్డ దిగొచ్చి తాగుతది."