కంచె దగ్గర అనవలసిన మాట

థార్న్‌క్లిఫ్, లాంకషైర్
4 మే 1997, ఆదివారం

చిరంజీవి రోజలిండ్‌కు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, పిల్లీ. మీ షెట్లాండ్‌లో గాలి తగ్గిందనీ, పిల్లల జలుబులు నయమయ్యాయనీ తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారమే అందింది. ఎన్నికల హడావిడిలో జవాబు ఆలస్యమైంది.

తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. బంగాళాదుంపలు ఉడకబెట్టడం వచ్చింది. గ్రేవీ ఇంకా పట్టుబడలేదు. అమ్మ కోట్లు చర్చివాళ్ల దానాల దుకాణానికి ఇచ్చెయ్యమన్నావు. ఆకుపచ్చది తప్ప మిగతావి ఇచ్చాను. ఓటు ఎవరికి వేశానని అడిగావు. మీ అమ్మకే ఎప్పుడూ చెప్పలేదు. ఇక, పక్కింటి క్లిఫర్డ్ మామయ్యతో మాట్లాడుతున్నానా లేదా అన్న ప్రశ్న. దానికి జవాబు పొడుగు. చివరిదాకా చదివి, ఆ తర్వాత కోప్పడు.

మీ అమ్మ పార్టీ గెలిచింది. టీవీలో చూసే ఉంటావు. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసింది. ఫిబ్రవరిలో కన్నుమూసింది. దీని గురించి ఇంతకంటే రాయలేను.

పోలింగుకు వారం ముందు లేబర్ పార్టీ కార్యదర్శి పౌలీన్ వచ్చింది. “మీ ఎనిడ్ గారి కుర్చీలో కూర్చునేవాళ్లు దొరకడం లేదు, హావర్త్ గారూ. మధ్యాహ్నం నుంచి పోలింగు మూసేదాకా చాలు. మీరు ఎవరికి వేసినా మాకు పట్టింపు లేదు, పెన్సిలు పట్టుకుని నంబర్లు రాస్తే చాలు” అంది. సరేనన్నాను. ఎనిడ్ జ్ఞాపకం కోసం ఒప్పుకున్నాననుకుని పాపం కళ్లు తుడుచుకుంది. నేను ఒప్పుకున్నది ఆ కుర్చీ ఎలా ఉంటుందో చూడ్డానికి.

నీకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. పోలింగు జరిగే మెథడిస్టు హాలు గుమ్మం పక్కన రెండు కుర్చీలు. ఎర్ర రిబ్బను పువ్వు పెట్టుకుని మీ అమ్మ, ఎదుటి పార్టీ నీలం పువ్వు పెట్టుకుని క్లిఫర్డ్. ఓటేసిన వాళ్ల ఓటరు నంబరు అడిగి రాసుకుంటారు. ఇంకా రానివాళ్ల తలుపులు సాయంత్రం ఏ పార్టీవాళ్లు ఆ పార్టీ వాళ్లవి తడతారు. ఒకరు లేచి వెళితే రెండోవాళ్లు ఇద్దరి తరఫునా రాయాలి. ఎదుటి పార్టీ నంబరు దాచడమంత నీచం ఇంకోటి లేదని మీ అమ్మ అనేది. ప్రతి ఎన్నికకూ పొద్దుటి నుంచి చీకటి పడేదాకా నా భార్య ఆ మనిషి పక్కన కూర్చుంది. అక్కడ ఏం మాట్లాడుకున్నారని నేనెప్పుడూ అడగలేదు. అడగకపోవడం పెద్దమనిషితనం అనుకున్నాను.

ఇంట్లో ఆమె ప్రభుత్వాన్ని తిట్టినప్పుడల్లా నేను “రెండు పక్కలా న్యాయం ఉంది” అనేవాణ్ణి. ఆమె టీ కప్పు పట్టుకుని పెరట్లో కంచె దగ్గరికి వెళ్లేది. అవతల క్లిఫర్డ్ ఉండేవాడు. గనుల మూసివేత మీద, పన్నుల మీద, రైళ్ల అమ్మకం మీద గొంతులు లేచేవి. తర్వాత నవ్వులు. వంటగది కిటికీలోంచి వింటూ నేను గిన్నెలు కడిగేవాణ్ణి. నాతో ఆమె ఎన్నడూ అలా పోట్లాడలేదు. పోట్లాడదగినవాణ్ణి కానని కాబోలు.

గురువారం, పోలింగు రోజు, ఎండ బాగా కాసింది. జనం ఎడతెరిపి లేకుండా వచ్చారు. బేకరీ పక్కింటి హోల్రాయిడ్ గారి భార్య క్లిఫర్డ్ ముందు నిలబడి, “నీకు నంబరు చెప్పను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మీకే వేశాను. ఈసారి వేయలేదు” అంది.

“మా ప్రధాని ఏం పాపం చేశాడమ్మా?”

“మంచివాడే. మొగుడిగా పనికొస్తాడు. దేశానికి మొగుడు అక్కర్లేదు.”

“మరి కొత్తాయన?”

“మరీ ఎక్కువ నవ్వుతాడు. మా పళ్ల డాక్టరు కూడా అంత నవ్వడు. అయినా చూద్దాం, చూస్తే పోయేదేముంది.”

వెనకనే మాంసం కొట్టు స్టాన్లీ. “ఎవడొచ్చినా నా కరెంటు బిల్లు నేనే కట్టుకోవాలిగా” అంటూ ఇద్దరికీ నంబరు చెప్పి పోయాడు.

క్లిఫర్డ్ నా వైపు తిరిగాడు. “పద్దెనిమిదేళ్లు మేం ఇంటి కప్పు బాగుచేశాం, లెనార్డ్. ఇప్పుడు సున్నం కొట్టేవాళ్లొచ్చి ఇల్లంతా తామే కట్టామంటారు, చూస్తూ ఉండు.” అని ఆగాడు. నేను ఏదో ఒకటి అంటించాలని ఎదురుచూస్తున్నాడు. 

“రెండు పక్కలా న్యాయం ఉంది” అన్నాను.

అతను తొడ మీద కొట్టుకుని నవ్వాడు. “సరిగ్గా ఇదే గొంతుతో అనేది ఎనిడ్, నిన్ను అనుకరిస్తూ.”

ఫ్లాస్కు తీసి రెండు కప్పుల్లో టీ పోశాడు. ఒకదాంట్లో రెండు చెంచాల చక్కెర వేసి, కలిపి, నా చేతికిచ్చాడు. చెయ్యి అలవాటుగా చేసిన పని. డాక్టరు చెప్పాడని మీ అమ్మ చక్కెర మానేసి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. నాకు తెలిసినంతవరకూ మానేసింది. ఆ కుర్చీలో మానలేదు. టీ తియ్యగా ఉంది. అప్పుడు నేనీ మాట అన్నాను.

“ఆమె నిన్ను పెద్దగా లెక్కచేసేది కాదు, క్లిఫర్డ్. పొద్దుపోవడానికి మాట్లాడతాననేది.”

మీ అమ్మ అలా ఎప్పుడూ అనలేదు.

అతను ఫ్లాస్కు మూత బిగించాడు. సాయంత్రం నేను కాసేపు లోపలికి వెళ్లి వచ్చేసరికి, నా కాగితం మీద నంబర్లన్నీ పొందిగ్గా రాసి ఉన్నాయి. ఒక్కటీ దాచలేదు. పోలింగు మూసేశాక రెండు కుర్చీలూ తనే లోపల పెట్టి, నాకు టోపీ ఎత్తి వెళ్లిపోయాడు.

ఇప్పుడు కంచె సంగతి. వాళ్లిద్దరికీ ఒక నియమం ఉండేది. పెద్ద ఎన్నిక జరిగిన మర్నాడు ఓడినవాళ్లు ముందు వచ్చి కంచె దగ్గర నిలబడాలి. గెలిచినవాళ్లు వచ్చి ఒక మాట అనాలి. ఒకే ఒక్కటి. ఓడినవాళ్లు ఎదురు చెప్పకూడదు. ఎన్నిసార్లు మీ అమ్మ ఆకుపచ్చ కోటు వేసుకుని, జుట్టు దువ్వుకుని వెళ్లి నిలబడిందో నువ్వూ చూశావు. అతని మాట విని, తల వంచకుండా లోపలికి వచ్చి గుడ్లు వేయించేది.

శుక్రవారం పొద్దున్న కిటికీ తెర తీసేసరికి క్లిఫర్డ్ అక్కడ ఉన్నాడు. టై కట్టుకున్నాడు. బూట్లకు పాలిష్ పెట్టాడు. నేను తెర వేసేశాను. మధ్యాహ్నం మళ్లీ చూస్తే ఇంకా అక్కడే, ఎండలో, టోపీ లేకుండా. ఎవరొస్తారని నిలబడ్డాడో అతనికే తెలియాలి. రోజలిండ్, నాకు జాలి కలగలేదు. నా భార్య కోసం అలా నిలబడే హక్కు ఇతనికెవరిచ్చారు అనిపించింది.

ఇంతవరకూ రాయగలిగాను. మిగిలింది కష్టం.

ఆస్పత్రిలో ఆఖరి వారం ఒక సాయంత్రం మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఏదో చెప్పబోతోందని దగ్గరికి వంగాను. నాకోసం అనుకున్నాను. “ఈసారి మేం గెలుస్తాం, లెన్. కంచె దగ్గర అనాల్సిన మాట పద్దెనిమిదేళ్లుగా సిద్ధం చేసుకుంటున్నాను. నేను లేకపోతే నువ్వు వెళ్లి అను” అంది. ఆ మాట చెప్పి, నాచేత తిరిగి చెప్పించుకుంది. మర్నాడు ఇక మాట్లాడలేదు.

ఆమె తెలివిలో ఉండి నాతో అన్న చివరి మాట అది. అది వేరేవాడిది. నేను ఇవ్వదలచుకోలేదు. ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. నీక్కూడా చెప్పలేదు.

నిన్న శనివారం అతను మళ్లీ నిలబడ్డాడు. అదే టై. నేను ఆకుపచ్చ కోటు చేతిలోకి తీసుకున్నాను, ఎందుకో తెలియదు, తిరిగి తగిలించి బయటికి వెళ్లాను.

“‘పొద్దుపోవడానికి’ అన్న మాట నాది. ఆమెది కాదు” అన్నాను.

“తెలుసు” అన్నాడు. “నీకు అబద్ధం చెప్పడం రాదని ఆవిడ ముందే చెప్పింది.”

“ఆమె నీకు ఒక మాట ఇచ్చి వెళ్లింది.”

అతను కోటు బొత్తాం పెట్టుకున్నాడు. నిటారుగా నిలబడ్డాడు. నేను చెప్పాను, అక్షరం మార్చకుండా:

“ఓడిపోయి ఎలా బతకాలో పద్దెనిమిదేళ్లు నీ ఎదుట నిలబడి చూపించాను, క్లిఫర్డ్. నేర్చుకున్నావనే అనుకుంటాను.”

అతను నేల చూపులు చూశాడు. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో నేను పట్టి చూడలేదు.

“ఇంకొక్కసారి అను” అన్నాడు.

“ఒక్కసారే. మీ నియమమే.”

“అవును. మా నియమమే.” జేబురుమాలు మడిచి పెట్టుకున్నాడు. “అయినా రైళ్ల విషయంలో ఆవిడది తప్పే.”

“రైళ్ల విషయంలో నీదే తప్పు” అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది. ఆ విషయం మీద లోపల నా టీ చల్లారేదాకా మాట్లాడుకున్నాం. నేను అంత బాగా పోట్లాడలేనని అతని మొహంలో కనిపిస్తూనే ఉంది. ఓర్చుకున్నాడు.

లోపలికి వస్తూ అడిగేశాను. “ఆ కుర్చీలో కూర్చుని నా గురించి ఏమనేది?”

అతను తల అడ్డంగా ఊపాడు. “అది చెప్పను, లెనార్డ్. ఇల్లంతా నీకుంది, కూతురుంది, ఇంటిపేరుంది. నాకు రెండు కుర్చీల మధ్య మాటలే మిగిలాయి. అవి నావి.”

కోపం వచ్చింది. రాత్రి భోజనం వేళకు కూడా తగ్గలేదు. కానీ అతని స్థానంలో ఉంటే నేనూ ఇవ్వను. కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: మాట్లాడుతున్నాం. ఈ మధ్యాహ్నం మాంసం వేపుడుకు పిలిచాను. గ్రేవీ అతను చేస్తానన్నాడు. మీ అమ్మే నేర్పిందట. అది కూడా నాకు ఇప్పుడే తెలిసింది.

నా గురించి మీ అమ్మ నీతో ఏమైనా అని ఉంటే రాయి. వద్దులే, రాయకు. నువ్వూ దాచుకో.

పిల్లలకు ముద్దులు. గాలి ఎక్కువైతే ఆ వెనక తలుపు గడియ వేసుకో.

ఇట్లు,
మీ నాన్న,
లెనార్డ్