నా పట్టుచీరలో ఆయన

1981 మే 4, సోమవారం

వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. కీళ్లవాతం పట్టినప్పటి నుంచీ ఇంతే — వాకిట్లోకి ఎండ వచ్చేదాకా విప్పుకోవు. జడ ఆయనే వేస్తున్నారు. గాజులు తొడిగే చెయ్యి కదా, మెత్తన. "కదలొద్దు మే, పాయ జారిపోతాది" అని గదమాయింపు. అత్త వక్కాకు నములుతూ చూసి, "నాకూ ఒక జడ ఎయ్యరా నాయనా" అంది. ముగ్గురం నవ్వాం.

మే 6

ఆసుపత్రి. బంగారం సూది వేయలేదు. కీళ్లకు వేసే ఆ మందులో నిజంగా బంగారమే ఉంటుందట. వేసే ముందు ప్రతిసారీ రక్తం చూస్తారు. తెల్లకణాలు బాగా పడిపోయాయి. "ఈ మందు వల్లే కావచ్చు, ఆపుదాం. జనంలోకి పోవద్దు. జ్వరం వస్తే వెంటనే రావాల" — డాక్టరమ్మ.

రిక్షాలో ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, నొప్పి తగలకుండా.

మే 7

అత్త మళ్లీ పుత్తూరు పాట. "కట్టు కట్టిస్తే సరిపోతాది." ఎముక విరిగితే కదా అత్తా కట్టేది...

మే 10

గంగమ్మ జాతర చాటింపు అయింది. బుద్ధెరిగాక ఒక్క ఏడూ తప్పలేదు నేను. ఈసారి గడప దాటకూడదు. ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోవడానికీ ముంజేయే గతి.

మే 12

అన్నం తింటూ ఆయన — "మొక్కుకున్నా. ఈ తూరి ఆడ వేషం కడతా." ఏటా ఎందరో మగవాళ్లు చీర కట్టి మొక్కు తీర్చుకుంటుంటే, సిగ్గుతో పక్కకు తిరిగే మనిషి.

"ఇన్నేండ్లకు బుద్ధి పుట్టిందే" అంది అత్త.

మే 14

నా మెరూన్ పట్టుచీర. మంచం మీద కూర్చుని నేను చెప్పడం, అత్త కుచ్చిళ్లు దోపడం. "ఊపిరి బిగబట్టరా. పొట్టేమన్నా తక్కువుండాదా." సవరం, కనకాంబరాలు. మీసం మాత్రం తీయనన్నారు. ఊళ్లో ఆడవాళ్లందరికీ గాజులు తొడిగే మనిషి, తన చేతికి ఎక్కించుకోవడానికి సబ్బు నురగ కావాల్సి వచ్చింది.

కాటుక నేను పెడతానన్నాను. చిటికెన వేలు ఒక్కటే మాట వింటుంది. ఒక కన్నుకు లావు, ఒక కన్నుకు సన్నం.

గుడిలో మొక్కు తీర్చి, డప్పులతో మా వీధికి వచ్చారు. నేను లోపల కుర్చీలో. డప్పులవాళ్లను దూరంగా నిలబెట్టి, మా వాకిలి ఎదుట ఒక్కరే ఆడారు. కొంగు జారితే నడుముకు దోపుకుని మళ్లీ ఆడారు.

"ఎవురమ్మా ఈ పెండ్లికూతురు?" — పక్కింటామె.

"మా కోడలే" అంది అత్త, ముఖం కదలకుండా.

నవ్వి నవ్వి దవడ కీలు పట్టేసింది. అయినా ఆపలేదు.

మే 20

కణాలు పెరిగాయి. "కొంచెమే" అంది డాక్టరమ్మ. ఆయన కాళ్లకు ఇంకా పసుపు పోలేదు. చూసి, నవ్వు ఆపుకుని మళ్లీ కాగితంలోకి వంగింది. సూది మళ్లీ మొదలుపెట్టాలా వద్దా, వచ్చే వారం చూద్దామంది.

"ఏస్తామంటే ఏం జేస్తావు?" — దోవలో ఆయన.

వేయించుకుంటానన్నాను. వీధి మలుపులో, వద్దన్నాను. ఇల్లు చేరినా తేలలేదు...

దోసెలు ఆయనే పోస్తున్నారు. మొదటిది మాడింది. ఆకలి మాత్రం బాగా వేస్తోంది.