పాల ట్యాంకరు వంతెన దాటుటను గూర్చి

అయ్యా,

విషయం: మార్చి 29 తర్వాత కూడా పాల ట్యాంకరు మా వాగు వంతెన దాటునని గురువారంలోపు రాతపూర్వక హామీ కోరుట.

జిల్లా వ్యవసాయ అధికారి గారికి ఫెర్మానా కౌంటీ, డ్రమ్‌కారో గ్రామ పాడిరైతు ఫెలిమ్ మెక్‌ఎల్‌రాయ్ విన్నవించుకొనునది.

1. నాకు ముప్పై ఎనిమిది పాడి ఆవులు గలవు. కొట్టం వాగుకు ఇవతల, బ్రిటన్ ఏలుబడిలో ఉన్నది. పాలు కొనే డెయిరీ అవతల, ఐర్లండ్ దేశంలో ఉన్నది. రోజు విడిచి రోజు డ్రైవరు డెస్సీ క్విగ్ ట్యాంకరు తెచ్చి పాలు తోడుకొని పోవును. 29న మనం ఐరోపా కూటమి నుండి వైదొలగుచున్నాము గనుక, ఆ తర్వాత ట్యాంకరు పంపగలమని మాట ఇవ్వలేమని డెయిరీవారు ఉత్తరం వ్రాసినారు.

2. మా ట్యాంకులో రెండు రోజుల పాలే పట్టును. మూడవ రోజు పాలు ఎక్కడ పారబోయవలెనో తమ శాఖ తెలుపలేదు. వాగులో పోస్తే చేపలు చచ్చునని జరిమానా వేసేది కూడా తమరే. ఫోను చేస్తే తమ ఆఫీసులో అమ్మాయి, "అందరూ ఆగుతున్నారు, మీరూ ఆగండి సార్" అన్నది. "నేను ఆగుతానమ్మా, పొదుగు ఆగదు" అన్నాను.

3. ఇవతలి డెయిరీలు కొత్తవారిని చేర్చుకోబోమన్నవి.

4. మేత సగం అవతలి పొలంలో ఉన్నది. ఆవులు పొద్దున పోయి సాయంత్రం వచ్చును. ఇది రోజుకొక ఎగుమతి, ఒక దిగుమతి అగునా? తమ ఫారంలో దీనికి గడి లేదు.

5. నా భార్య ఊనా ఇది చూసి, "నెంబర్లు వేస్తే ఎవరికయ్యా జాలి? ఎర్రావు నిన్ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదని రాయి" అనుచున్నది. వ్రాసితిని.

గురువారం సంతకు లారీ మాట్లాడి ఉంచితిని. హామీ రానియెడల మంద మొత్తం అమ్మివేయుదును. అరవై నాలుగేళ్ల వయసులో మళ్లీ మంద కట్టలేను. ఒక్క వాక్యం చాలునయ్యా, బతిమాలుకుంటున్నాను. పాలు విరిగేలోపు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఫెలిమ్ మెక్‌ఎల్‌రాయ్
19 మార్చి 2019

తా.క. శనివారం. బుధవారం ఇది పట్టుకొని మీ ఆఫీసుకొస్తే వచ్చేవారం రమ్మన్నారు. గురువారం ఆవుల్ని అమ్మేశాను. అమ్మినవాడు శుభానికని కొన్నవాడి చేతిలో ఒక నోటు తిరిగి పెట్టడం మా ఆచారం. నేను నోటు తీయబోతే మంద కొన్న స్టాన్లీ నా గుప్పిట మూసేసి, "ఉంచుకో ఫెలిమ్, ఈసారి అదృష్టం నీకే కావాలి" అన్నాడు. సంత మధ్యలో ఏడ్చాను. ఆ రాత్రే వార్తల్లో, 29న వైదొలగడం వాయిదా పడిందన్నారు.

ఈ ఉదయం డెస్సీ మామూలుగానే వచ్చాడు. గురువారం తెల్లవారుజామున చివరి పాలు తీసుకెళ్లింది అతనే, అప్పుడు అమ్మకం సంగతి చెప్పలేకపోయాను. వంతెన మీద ఎవరూ ఆపలేదట. ట్యాంకు మూతెత్తి, "ఏంటి మామా, పాలేవీ?" అన్నాడు. లోపలికి రా, టీ తాగి పోదువుగాని అన్నాను.

ఊనా నీళ్లు కాచింది. మా ఇంట్లో ఇంతవరకు పాలు కొన్న రోజు లేదు. ముగ్గురం డికాషనే తాగాం.