గోడ చీమల వ్యాసం

నాన్నకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. దగ్గు తగ్గింది, కోపం తగ్గలేదు. నువ్వూ అమ్మా పోట్లాడుకునేంత ఆరోగ్యంగా ఉన్నారని నీ ఉత్తరం చూడగానే తెలిసింది.

నీ ప్రశ్నలకు జవాబులు. వేళకే తింటున్నాను. ఉద్యోగం మానేయలేదు, ఇంతకాలం ఒక్క కుర్చీలో కూర్చున్నానంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. పాత శాస్త్ర పత్రికల్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడుతున్నాం. కాగితాలు ముట్టుకుంటే పొడిలా రాలతాయి, చేతులకు పాత జిగురు వాసన. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, పాస్‌వర్డూ అక్కర్లేదు. మీ కాలేజీ లైబ్రరీ చందా ఆపేసిందని అలిగావే, నీ వ్యాసం అచ్చయిన ఆ పత్రిక కూడా వచ్చేసింది.

ఇక నువ్వు మళ్ళీ మళ్ళీ అడిగేది: "నా వ్యాసం ఎప్పుడు కనబడుతుందే?" సైటు పనిచేయడం లేదన్నాను. అబద్ధం. సైటు నిక్షేపంలా ఉంది.

మా దగ్గరొక పద్ధతి. ఒక వ్యాసాన్ని తర్వాత ఎవరైనా తప్పని రాస్తే, ఆ ఖండనను దాని కిందే లింకు చేయాలి. నీ వ్యాసానికీ ఒక ఖండన ఉంది నాన్నా. చందా ఆగాక వచ్చిన సంచికలో ఉంది కాబట్టి నువ్వు చూడలేదు. నేను చూసి, లింకు పెట్టకుండా వదిలేశాను. వాన రాబోతోందని గోడ చీమలకు ముందే తెలుస్తుందని, అందుకే గుడ్లు పైకి మోస్తాయని ఎంతమంది పిల్లలకు చెప్పావు! నాకూ చెప్పావు, భుజాన కూర్చోబెట్టుకుని.

నిన్న మా సూపర్‌వైజర్ పట్టేసింది. "ఏమ్మా, ఈ చీమల వ్యాసాన్ని ఒంటరిగా వదిలేశావేం?"

"మా నాన్నది మేడమ్."

"అయితే ఇంకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి," అంది కళ్ళజోడు తుడుచుకుంటూ. నాకు మండిపోయింది. ఆ ఉక్రోషంలోనే ఖండన మొత్తం చదివాను.

అది రాసినాయనా నీలాగే గోడల ముందు కూర్చున్నాడు నాన్నా. గోడ చెమ్మగిల్లితే చాలట, చీమలు గుడ్లు మోసేస్తాయట. వానాకాలంలో ఎప్పుడు మోసినా మర్నాడు వాన పడనే పడుతుంది కదా అన్నాడు. చివర్లో ఏం రాశాడో తెలుసా? "ఇంత ఓపికగా చూసిన మనిషి పొరబడ్డాడంటే, ఆ గోడలో ఎక్కడో నీటి గొట్టం కారుతూ ఉండాలి."

గదిలో అందరూ తిరిగి చూసేలా నవ్వాను. "ఏమండీ, స్నానాలగది గోడ కారుతోంది, ప్లంబర్ని పిలవండీ" అని అమ్మ మొత్తుకోవడం, "చీమలు బెదురుతాయే, వానాకాలం పోనీ" అని నువ్వు గుమ్మానికి అడ్డం నిలబడడం! నేను పుట్టకముందు సంగతే అయినా, అమ్మ ఇప్పటికీ అభినయించి మరీ చూపిస్తుంది.

ఇవాళ పొద్దున లింకు కలిపేశాను. సైటు అడ్రసు వెనక పేజీలో ఉంది. ముందు నీది చదువు, తర్వాత ఆయనది. కోపమొస్తే నన్ను తిట్టు. ఆయన్ని మాత్రం ఏమీ అనకు. నీ వ్యాసాన్ని అంత శ్రద్ధగా చదివినవాళ్ళం ఆయనా నేనూనే.

గొట్టం సంగతి అమ్మకు నువ్వే చెప్పాలి. చెప్పేముందు నాకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టు.

ఇట్లు,
కుదురులేని నీ కూతురు, తూనీగ